గుర్రుకో గుడ్డు

కొరివి మూడు నెలల కిందటే మంచివాడైపోయాడు. ఆ సంగతి హైమకు తెలుసు. తెలిసినా ఇంతవరకు నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు, అద్దంలో తన మొహానికి కూడా.

హైమకో వింత వ్యాపకం. ఎవరూ భరించలేని కరిచే కుక్కల్ని తెచ్చి, దొడ్లో ఉంచుకుని, మర్యాద నేర్పి, మంచి ఇల్లు చూసి పంపిస్తుంది. అలా ఆరు వెళ్లాయి. ఏడోవాడు కొరివి. వచ్చిన కొత్తలో చీపురునీ కరిచాడు, చెంబునీ కరిచాడు. ఇప్పుడు పిల్లి వచ్చి వీపు మీద పడుకున్నా ఊరుకుంటాడు. కానీ కొత్త మనిషి గుమ్మం తొక్కితే చాలు, గుర్రు! వెంటనే హైమ, "అయ్యో బంగారం, భయపడ్డావా?" అంటూ ఉడికిన గుడ్డు నోట్లో పెడుతుంది.

రిటైరైన లైన్‌మన్ సూర్యారావు పెంచుకోవడానికి కుక్క కోసం మొన్న రెండోసారి వచ్చి, ఆ గుర్రు విని వాకిట్లోనే ఆగిపోయాడు.

"నాకు వీడే నచ్చాడమ్మా. మా ఆవిడే భయపడుతోంది. కుదుటపడితే ఆదివారం లోగా ఫోన్ చెయ్యి. లేదంటే వేరేదాన్ని తెచ్చుకుంటాం."

ఆయన అటు వెళ్లగానే దొడ్లో పంచాయితీ మొదలైంది.

"నా గుడ్లన్నీ వీడి గుర్రుకే సరి!" అంది కోడి. "ఒరే కొరివీ, ఆ పెద్దాయన నీకు నచ్చలేదట్రా?"

"నచ్చకేం పిన్నీ! చెవి వెనక గోకే చేతులవి, చూస్తేనే తెలుస్తుంది."

"మరి ఆ గుర్రేమిట్రా?"

"అన్నప్పుడల్లా అమ్మ గుడ్డు పెడుతోందిగా. ఆవిడకి అదే ఇష్టమనుకున్నా."

మేక నెమరు ఆపేసింది.

పిల్లి మీసాలు దువ్వుకుంటూ, "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. కుక్కకి ఈవిడ నేర్పింది, ఈవిడకెవరు నేర్పుతారో?" అంది.

"నేను లేనూ?" అంది కోడి.

మర్నాటి నుంచి హైమకు ఒక్క గుడ్డు దొరికితే ఒట్టు. కోడి వెళ్లి కుడితి తొట్టి వెనక పెడుతోంది, మేక దానికి అడ్డంగా పడుకుంటోంది.

శనివారం గ్యాస్ బండ మోసుకుని ఒకాయన వచ్చాడు. కొరివి గుర్రుమని హైమ వైపు చూశాడు. ఆమె వంటింట్లోకి పరిగెత్తి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. మళ్లీ గుర్రుమన్నాడు, ఈసారి కాస్త మెల్లగా. ఏమీ రాలేదు. ఇక లాభం లేదని ఆవలించి, వెళ్లి ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించాడు.

"ఎంత బుద్ధిమంతుడండీ మీవాడు!" అన్నాడాయన, వాడి తల నిమిరి వెళ్లిపోతూ.

హైమ తేలుకుట్టిన దొంగలా నిలబడింది.

"గుడ్ల కోసం వెతక్కు తల్లీ, దాచింది నేనే" అంది కోడి. "నువ్వేం దాచావో ఇప్పుడు చెప్పు."

"వీడు వెళ్లిపోతే నాకేం తోచదే..."

"తోచదు, నిజమే. అందుకని వాడికి దొరికిన ఇల్లు చెడగొడతావా?"

కొరివి తోక ఊపుతూ వచ్చాడు. "అమ్మా, ఆ పెద్దాయన మళ్లీ రాడా?"

హైమ చున్నీతో కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి సూర్యారావు నంబరు వెతకసాగింది.

ఏ గుణానికి మేత వేస్తే ఆ గుణమే బలుస్తుంది.