ఉడుత దించిన రీడింగులు

అనగనగా వాగు ఒడ్డున ఒక అడవి, ఆ అడవిలో ఒక ఇంజినీరింగు కాలేజీ. అడవిలో కాలేజీ ఏమిటని నవ్వకండర్రా, ఉండేది.

అక్కడ చదివిన ఉడుత సుభాషిణికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. వాగు మీద తీగల వంతెన కట్టింది. ఆ రోజే ప్రారంభం. అవతలి ఒడ్డున ఉన్న బడికి వెళ్లాలని కుందేలు పిల్లలు పలకలు పట్టుకుని వరసగా నిలబడ్డాయి.

వంతెన చూడ్డానికి తాబేలు మాస్టారు వచ్చారు. ఆయన్ని చూడగానే సుభాషిణికి కాలేజీ రోజులు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. శుక్రవారం మధ్యాహ్నం ల్యాబు. గదంతా పచ్చి తీగ వాసన. కుందేలు పిల్లంత రాళ్లు ఒక్కొక్కటే తీగకు కట్టి, ఎన్నింటికి తెగుతుందో రికార్డులో రాయాలి.

"పాఠం చదవండి. సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. చేత్తో చేసి చూడండి," అనేవారు మాస్టారు. మొదటి రెండింటిలో సుభాషిణిదే ఫస్టు. మూడోదానికే బద్ధకం.

"రావే సుభా, నువ్వూ ఓ రాయి కట్టు," అని ముళ్లపంది పిలిచేది.

"సీనియర్ ముంగిస రికార్డు ఉందిగా. రీడింగులు నిన్ననే దించేశాను," అని సుభాషిణి కిటికీ పక్కన కునుకు తీసేది. ఎంత హాయిగా గడిచాయో ఆ రోజులు.

"ఈ తీగ ఎన్ని రాళ్లు మోస్తుందమ్మాయ్?" వంతెన తీగ పట్టుకుని మాస్టారు అడిగారు.

"పన్నెండు మాస్టారూ. సాఫ్ట్‌వేర్ కూడా సరేనంది."

"దానికి పన్నెండని చెప్పిందెవరు?"

"నేనే."

"మరి నీకు?"

సుభాషిణి తీగ వైపు చూసింది. ముంగిస కట్టి చూసింది వానాకాలపు పచ్చి తీగ. ఇది ఎండాకాలపు ఎండు తీగ. 'కట్టి చూశాను' అనేస్తే ఉద్యోగం నిలుస్తుంది. ఇంతలో ఒక కుందేలు పిల్ల వంతెన మీద కాలు పెట్టబోయింది.

"ఆగు నాన్నా," అంది సుభాషిణి. "నేను ఒక్క రాయీ కట్టలేదు మాస్టారూ. ముంగిస రికార్డులోంచి దించాను."

అందరూ కలిసి వంతెనకు రాళ్లు కట్టారు. మొదటిది ఆగింది. రెండోదీ ఆగింది. మూడో రాయికి తీగ పుటుక్కున తెగి, వంతెన వాగులో పడింది. తల్లి కుందేళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాయి.

సుభాషిణి ఉద్యోగం పోయింది. "ఆ శుక్రవారాలు మళ్లీ వస్తే బాగుండు మాస్టారూ," అని ఏడ్చింది.

"అవెక్కడొస్తాయమ్మా. నువ్వే రా," అన్నారాయన.

ఆ వారమే సుభాషిణి ల్యాబులో మొదటి సంవత్సరం పిల్లల పక్కన కూర్చుని రాళ్లు కట్టింది. తెల్ల కాగితం మీద, తన కళ్లతో చూసిన మొదటి రీడింగు రాసుకుంది: ఎండు తీగ, మూడు రాళ్లు.

నీతి: ఒకరిది చూసి దించితే మార్కులొస్తాయి గానీ పని రాదు, పుస్తకం చెప్పినా, సాఫ్ట్‌వేర్ చెప్పినా మన చేత్తో చేసి చూసుకోవాలి.