తేదీ వేయని చీటీ

"వాళ్లకు క్రీస్తు ముందే తెలుసు కదండీ. మరి మనం వాళ్ల ఇళ్లకు ఎందుకు వెళ్లడం?"

హెప్సిబా ఈ మాట అడిగిన ఆదివారం నేను అదే గదిలో, కిటికీ పక్క కుర్చీలో ఉన్నాను. రాజమండ్రిలో ఒక మేడ మీది హాలు మా సంఘానిది. ఊళ్లో మమ్మల్ని మోర్మన్లు అంటారు. మేం కడవరి దినాల పరిశుద్ధులమని చెప్పుకుంటాం. హెప్సిబాకు ఇరవై రెండేళ్లు. పద్దెనిమిది నెలలు ఇల్లు విడిచి సువార్త చెప్పడానికి రమ్మని ఆమెకు పిలుపు కాగితం వచ్చింది. ఇంకో మూడు వారాల్లో ప్రయాణం. ఆ కాగితాన్ని తిరిగి ఇచ్చేద్దామని ఆ రోజు సంచిలో పెట్టుకుని వచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నారు దీనమ్మ గారు. మాకు పాఠం చెప్పేది ఆవిడే.

"నిన్న మా పిన్ని వాళ్లింటికి వెళ్లానండీ. వాళ్లు పాత గుడి వాళ్లు, తాతల నాటి క్రైస్తవులు. అందరూ భోజనాల దగ్గర ఉండగా అడిగేసింది. 'ఏమే, మీ సంఘం వయసెంత, మా గుడి గంట వయసెంత? పాలపళ్లు ఊడకముందే నీకు ప్రార్థన నేర్పింది నేను. ఇప్పుడు నాకేం చెప్పడానికొచ్చావే?' అంది. బాబాయ్ అయితే పప్పు కలుపుకుంటూ ఒకటే నవ్వు. ఆవిడ అన్నది నిజమే కదా?"

"నిజమే. ప్రార్థన నేర్పింది ఆవిడే," అన్నారు దీనమ్మ గారు.

దీనమ్మ గారికి వాదించడం రాక కాదు. ఎవరైనా ఇలాంటి ప్రశ్న వేస్తే, జవాబు కోసం ముందు తాను తప్పు చేసిన రోజు ఒకటి వెతుక్కోవడం ఆవిడ అలవాటు. ఈసారి ఎక్కువసేపు వెతుక్కోలేదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను.

దీనమ్మ గారి ఇంటికి గోడ ఆవలి ఇల్లు మార్తమ్మది. కుట్టుపని ఆమె జీవనం. పాత గుడిలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. ఆ పిల్లలకు తొడిగే తెల్ల గౌన్లు చాలావరకు మార్తమ్మ మిషను మీద కుట్టినవే. ఆమెది ఒక పద్ధతి ఉండేది. ఏ బట్ట చేతికి వచ్చినా చిన్న కాగితం ముక్క మీద పేరు, ఛాతీ, పొడవు, ఇవ్వవలసిన తేదీ రాసి గుండుసూదితో ఆ బట్టకే గుచ్చేది. చీటీ లేని బట్టను ముట్టుకునేది కాదు.

ఆ ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకునేవారు. దీనమ్మ గారికి టైఫాయిడ్ వచ్చినప్పుడు మార్తమ్మ పదకొండు రోజులు మంచం పక్క మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. "ఆమె పిలిస్తే పలికినవాడు ఎవరో నాకు సందేహం లేదు. నేను పిలిచేదీ ఆయననే," అన్నారు దీనమ్మ గారు, ఈ కథ మధ్యలో ఒకసారి ఆగి.

మార్తమ్మ తొలి కాన్పు మగపిల్లవాడు. ఇమ్మానుయేలు అని పేరు అనుకున్నారు. రాబోయే ఆదివారం బాప్తిస్మం అనగా, గురువారం జ్వరం వచ్చి శుక్రవారం పోయాడు. పందొమ్మిది రోజుల బిడ్డ. గుడి అయ్యగారు వచ్చి, ప్రార్థన చేసి, ఓదార్చి, సమాధి దగ్గర చివరిదాకా నిలబడ్డారు. కానీ ఇంటికి వచ్చాక అత్తగారు ఒక మాట అంది. "బాప్తిస్మం నీళ్లు పడకుండా పోయాడు, పరలోకంలోకి రానిస్తారా? ఏ వాకిట నిలబడ్డాడో ఏమో." తర్వాత అత్తగారు పోయింది, మార్తమ్మకు కూతురు పుట్టి పెద్దదైంది, నలభై ఏళ్లు గడిచాయి. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఏటా బిడ్డ పోయిన రోజున పెట్టెలోంచి ఆ చిన్న గౌను తీసి, ఉతికి, నీలిమందు పెట్టి, లోపలి గదిలో ఆరేసేది. దీనమ్మ గారు ఆ గౌనును చాలాసార్లు చూశారు. ఎవరిదని అడగలేదు. అడగక్కర్లేదు, సంగతి తెలుసు.

ఇక్కడ, తెలియనివారి కోసం ఒక ముక్క చెప్పాలి. మా సంఘంలో ఎనిమిదేళ్లు నిండకుండా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరు. చిన్నపిల్లలకు అది అవసరం లేదని, వాళ్లు పోతే నేరుగా క్రీస్తు చేతుల్లోనే ఉంటారని, వాళ్లను తల్లి ఒడికి ఆయన మళ్లీ ఇస్తాడని మా నమ్మకం. ఈ సంగతి మా పిల్లలకు కూడా తెలుసు. పాఠం చెప్పే దీనమ్మ గారికి తెలియకుండా ఎలా ఉంటుంది?

అయితే ఆ రోజుల్లో మా సంఘం తెల్లచొక్కాల మిషనరీ కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా వీధుల్లో తిరగడం చూసి, పక్క గుడి మందను ఎత్తుకుపోయే గొర్రెల దొంగలొచ్చారని కొందరు ఎద్దేవా చేసేవారు. మార్తమ్మ అలాంటివాళ్లను ఊరికే వదిలేది కాదు. "మా వదిన ఇన్నేళ్లలో నా దగ్గర ఎత్తుకుపోయింది ఒక్క కత్తెర. అదీ తిరిగి ఇచ్చింది," అనేది. దీనమ్మ గారికి అది పెద్ద మెప్పుగా ఉండేది. మార్తమ్మ దగ్గర తన సంఘం ఊసు ఏనాడూ ఎత్తలేదన్నది తన మర్యాదగా లెక్కవేసుకునేవారు.

ఒక వేసవిలో మా పిల్లల బాప్తిస్మాలకు తెల్లబట్టలు కావలసి వచ్చాయి. దీనమ్మ గారు పాప్లిన్ గుడ్డ పట్టుకుని గోడ ఆవలికి వెళ్లారు.

"అన్నిటికన్నా చిన్న సైజు ఎంత వదినా?" అంది మార్తమ్మ, చీటీలు కత్తిరిస్తూ.

"ఎనిమిదేళ్ల పిల్లది."

"ఇంకా చిన్నవాళ్లకు?"

"అంతకన్నా చిన్నవాళ్లకు ఇవ్వరు వదినా. అక్కర్లేదు."

కత్తెర ఆగింది. "అక్కర్లేదా? ఎందుకని?"

దీనమ్మ గారు ఆ ముఖం చూశారు. నలభై ఏళ్లుగా ఎవరినీ అడగని మాట అది. చెబుదామనుకున్నారు. చెబితే, ఇన్నాళ్లూ మంచిదానిలా ఉండి చివరికి నన్ను కూడా వాళ్ల సంఘంలోకి లాగడానికే వచ్చిందని మార్తమ్మ అనుకుంటుందేమో అనిపించింది. పైగా ఆమె క్రైస్తవురాలే, వాళ్ల అయ్యగారు ఉన్నారు, నేనెవర్ని అనిపించింది.

"మా పద్ధతి అంతే వదినా," అన్నారు.

"ఓహో," అంది మార్తమ్మ. పళ్లతో దారం తెంపి, సూది బెజ్జంలోకి ఎక్కించడానికి రెండుసార్లు ప్రయత్నించింది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. బట్టలు చెప్పిన రోజుకే ఇచ్చింది.

నాలుగు నెలలకు గుండెనొప్పితో పోయింది. ఆఖరి చీర కోసం బట్టల పెట్టె తెరిచిన కూతురు లిల్లీ చేతిలో చిన్న గౌనుతో గోడ ఆవలి నుంచి వచ్చింది. "అత్తా, ఇదెవరిది? అమ్మ ఎవరికో ఇవ్వడం మరిచిపోయినట్టుంది."

గౌనుకు చీటీ ఉంది. నలభై ఏళ్లనాటిది కాదు, కొత్త కాగితం. ఏటా ఉతికినప్పుడల్లా మార్చేదేమో. పేరు దగ్గర ఇమ్మానుయేలు. ఛాతీ, పొడవు రాసి ఉన్నాయి. ఇవ్వవలసిన తేదీ దగ్గర మాత్రం ఏమీ రాయలేదు.

ఆ గౌనును మార్తమ్మ చేతుల కింద పెట్టి శవపెట్టె మూశారు. చీటీ తీసేయాలని ఎవరికీ అనిపించలేదు.

దీనమ్మ గారు చెప్పింది ఇంతవరకు. హెప్సిబా, "చెప్పి ఉంటే ఆవిడ నమ్మేదంటారా?" అని అడిగింది.

"ఏమోనమ్మా. వద్దనేదేమో, నవ్వి మళ్లీ కత్తెర అందుకునేదేమో. కాదనడం ఆమె ఇష్టం. ఆమె దాకా రానివ్వకుండా ఆమె తరఫున నేనే కాదనేశాను."

"మరి నేను పిన్నితో ఏం చెప్పను? అందరి ముందూ అంత మాట అంది కదా."

దీనమ్మ గారు ఆమె వైపు చూడలేదు. ఒళ్లో చేతులు చూసుకుంటూ ఉన్నారు.

"నాకేం చెప్పడానికొచ్చావే అంది కదూ మీ పిన్ని?" అన్నారు మెల్లగా. "అడిగిందమ్మా. మా వదిన కూడా అడిగింది, నేనే చెప్పలేదు."