రెండో పంపుగారి ఆరోగ్యం

నగరం కింద, రైలు సొరంగం అడుగున ఒక పంపు ఉండేది. గోడల్లోంచి ఊరే నీళ్లనీ, వానొస్తే మెట్ల మీంచి దిగొచ్చే నీళ్లనీ పీల్చి పైకి కక్కడం దాని పని. పట్టాలు మునగనంతకాలం రైళ్లు నడుస్తాయి, రైళ్లు నడిచినంతకాలం పంపు సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకు దానికేం బాధ లేదు. దాని ఏడుపంతా రెండో పంపు గురించే.

రెండో పంపు అనేది అసలు లేదు.

సొరంగాలు తవ్వకముందు గీసిన బొమ్మలో సొరంగానికి రెండేసి పంపులు ఉన్నాయి. ఇక్కడికొచ్చేసరికి తవ్వించే మేస్త్రికి బండ అడ్డొచ్చింది. "దీన్ని తర్వాత చూద్దాంలే" అని ఒక్కటే బిగించి, ప్రారంభోత్సవం ఫొటోలో నిలబడ్డానికి పరిగెత్తాడు. తర్వాత చూడాల్సింది ఒకటుందని ఎవరికీ చెప్పలేదు. బొమ్మ మాత్రం భద్రంగా పై ఆఫీసులోని పెద్ద అద్దంలోకి ఎక్కింది.

ఆ అద్దంలో రైలుకి చెందిన ప్రతి వస్తువూ కనిపిస్తుంది. ఎప్పుడు పుట్టిందో, ఎన్నిసార్లు జబ్బుపడిందో, ఎప్పుడు తీసి పారేయాలో అన్నీ చెబుతుంది. దాన్ని చూసుకోవడానికి ఒక దొర ఉన్నాడు. ఆయన ఎన్నడూ సొరంగంలోకి దిగలేదు. కుర్చీలో కూర్చుంటేనే అంత చక్కగా కనిపిస్తుంటే మోకాళ్లు నొప్పెట్టుకోవడం దేనికి?

కిందికి దిగేది మెకానిక్కు ఒక్కతే. నెలనెలా వచ్చి పంపుకి గ్రీజు పెట్టేది. కానీ రెండోదానికి కూడా పెట్టానని నొక్కితేగానీ ఆమె చేతిలోని చిన్న అద్దం పని ముగిసిందని ఒప్పుకునేది కాదు. అందుకని రెండోదాని వాటా కూడా దీనికే పూసి, నొక్కేసి, ఇంటికెళ్లిపోయేది.

"లేనివాడి పేరు చెప్పి బాగానే మేస్తున్నావు పెద్దాయనా," అనేది.

"పారబోయడం ఎందుకు అమ్మడూ? ఇదిగో, ఈ పక్కన ఇంకాస్త రాయి," అనేది పంపు.

మేసినన్నాళ్లూ బాగానే ఉంది. అయితే పంపు ఒళ్లొంచి పనిచేసేది గనక వేడెక్కేది, దగ్గేది. ఏ చిప్స్ ప్యాకెట్టో గొంతులో ఇరుక్కుని ఆగిపోయేది. అవన్నీ అద్దంలోకి ఎక్కేవి. రెండోది మాత్రం ఒక్కరోజు తుమ్మిన పాపాన పోలేదు. ఏటా ఉత్తమ పంపు బహుమతి దానికే. శాలువా పార్సిల్లో వచ్చేది. మెకానిక్కు దాన్ని తీసుకెళ్లి బండకి కప్పేది. ఆ రోజంతా మన పంపు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఒక ఏడాది వానల ముందు పైనుంచి దొర ఆర్డరు దిగింది. "జబ్బులమారి మొదటి పంపుని పాత ఇనుముకి వేసేయండి. రెండోది ఒక్కటే చాలు. అంత ఆరోగ్యవంతుణ్ణి కళ్లారా చూడాలని ఉంది. రేపు నేనే వస్తున్నాను."

పంపు గొంతు ఎండిపోయింది. పంపుకి గొంతు ఎండడమంటే మాటలు కాదు.

"నిజం చెప్పేద్దాం అమ్మడూ. వాడు లేనే లేడని."

"చెప్తే? లేనివాడికి ఇన్నేళ్లూ గ్రీజు ఎలా పెట్టావే అని నన్ను అడగరూ? నా ఉద్యోగం కూడా నీతోపాటే పాత ఇనుములోకి."

"మరి నన్ను పీకేస్తే నీళ్లెవరు తోడతారు? ఆ శాలువానా?"

మెకానిక్కు బండ వైపు చూసింది. పంపు వైపు చూసింది. స్క్రూడ్రైవరు తీసి పంపు మెడలోని ఒకటో నంబరు బిళ్ల ఊడదీసి, దాని చోట సామాన్ల సంచిలో ఏళ్లుగా ఊరికే పడున్న రెండో నంబరు బిళ్ల బిగించింది.

"ఇవాళ్టి నుంచి వాడివి నువ్వే. మర్యాదగా ఉండు, దగ్గకు."

ఇన్నేళ్లూ తిట్టుకున్నవాడి నంబరు మెడలో వేలాడుతుంటే పంపుకి ముందు ఒళ్లు మండింది. కాసేపటికి ముచ్చటగానే అనిపించింది. బండ మీది శాలువా కూడా అడిగి మరీ కప్పించుకుంది.

మర్నాడు దొర ప్యాంటు మడత పెట్టుకుని దిగాడు.

"మొదటిది ఏదమ్మా?"

"తీసేశాం సార్, మీ ఆర్డరు ప్రకారం."

"అయితే ఇదేనా అది!" దొర కళ్లు మెరిశాయి. సరిగ్గా అప్పుడే పంపు ఖళ్లుమంది. "ఎవరది?"

"నేనే సార్," అంది మెకానిక్కు, ఛాతీ పట్టుకుని. "ఇక్కడి చెమ్మ పడదు."

"చూడు, ఒంటరిగా ఎంత హాయిగా తిరుగుతోందో! పాపం, ఆ రోగిష్టిదాని పక్కన ఇన్నాళ్లు ఎలా వేగిందో." దొర దాని ఒళ్లు నిమిరి, చేతి గ్రీజు శాలువాకే తుడుచుకుని పైకెళ్లాడు.

ఆయన మెట్లెక్కిందాకా ఆగి, ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. నవ్వరా మరి! అద్దంలో ఒకటే పంపు, కిందా ఒకటే పంపు. లైను పుట్టాక లెక్క కుదరడం అదే మొదలు.

పైన దొర అద్దం ముందు కూర్చున్నాడు. కళ్లారా చూసొచ్చాడు గనక ఈసారి ఆయనకి రవ్వంత అనుమానం కూడా లేదు. "లైనులోని అన్ని సొరంగాల్లోనూ మొదటి పంపులు తీసేయండి. రెండోవి చాలు." మిగతా సొరంగాల మెకానిక్కులు బుద్ధిమంతులు. చెప్పింది చెప్పినట్టు తీసేశారు.

వానలు మొదలయ్యాయి. మన పంపు హుషారుగా తోడుతోంది. ఇంతలో ఎడమవైపు పట్టాల మధ్య నుంచి సన్నటి నీటిపాయ ఒకటి వచ్చి దాని పాదాల దగ్గర ఆగింది.

"ఎవరు మీరు? మా నీళ్లు కాదే!" అంది పంపు.

"పక్క సొరంగం వాళ్లమండీ," అన్నాయి నీళ్లు వినయంగా. "అక్కడ రెండో పంపుగారి కోసం చాలాసేపు నిలబడ్డాం. ఆయన ఉండాల్సిన చోట బండ ఉంది. ఆ అవతలి సొరంగంలోనూ అంతేనట. లైను మొత్తానికి రెండో పంపుగారు మీరొక్కరే అంటే ఇలా వచ్చాం."

పంపు వేగం పెంచింది. "ఎంతమంది వచ్చారు?"

నీళ్లు వెనక్కి తిరిగి చూసుకున్నాయి.

"మేం ముందొచ్చేశామండీ. మిగతావాళ్లు ఇంకా మెట్లు దిగుతున్నారు."