రాజుగారు జారిన నాచు

అనగనగా ఊళ్ళో కాదర్రా, ఊరి ముందున్న సముద్రంలో, రాతిబండల మీది నాచులో ఒక చిట్టి రొయ్య ఉండేది. వేలి గోరంత ఉండేది. పచ్చనాచులో దూరితే పచ్చగా, ఎర్రనాచులో దూరితే ఎర్రగా మారిపోయేది, ఏ చేప కంటా పడకుండా. అప్పుడది కడుపు కింద గుడ్లు మోస్తోంది. అవి పిల్లలయ్యేదాకా నాచే దానికి పుట్టిల్లు.

ఆ యేడు మాఘపౌర్ణమికి రాజుగారు సముద్రస్నానానికొచ్చాడు. ఊరంతా ఇసుకలోంచి దిగితే ఈయన బండ మీంచి దిగాడు, అదీ పావుకోళ్ళతో! జర్రున జారి వెల్లకిలా పడ్డాడు. జనం కిసుక్కుమన్నారు. తప్పెవరిదట? నాచుదట! బండలన్నీ గీకించెయ్యమన్నాడు. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. ఊ కొట్టండర్రా, గోడకా నేను చెబుతున్నది?

ఇంటికొకరు చొప్పున జాలరి ఆడవాళ్ళు కొబ్బరిపీచుతో గీకారు. ఈ బండ గీకారు, ఆ బండ గీకారు. రొయ్య ఈ బండ నుంచి ఆ బండకి, ఆ బండ నుంచి అవతలి బండకి ఒకటే పరుగు. చివరికి పిడికెడు నాచు మిగిలింది. దానిమీద నూకాలు అనే కొత్తకోడలు చెయ్యి వేసింది. ఇంక పారిపోయే చోటేదీ? రొయ్యకి భయం పోయి కోపమొచ్చింది. నెత్తిమీది ముల్లుతో కసుక్కున పొడిచింది.

"గీకు తల్లీ, గీకు! నాచు పోతే నేను పోతా. నేను పోతే నన్ను తినే చేప పోతుంది. చేప పోతే నీ వల ఎండుతుంది. వల ఎండితే నీ పొయ్యి ఆరుతుంది. అప్పుడు మీ రాజొచ్చి వండిపెడతాడా?" అని కడిగేసింది.

నూకాలు వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. నిజమే, గీకుడు మొదలైన ఈ పదిరోజులుగా మామ వలలో ఒక్క చేప పడలేదు. ఆ పిడికెడూ వదిలేసి, గీకిన నాచు గంపకెత్తుకుని తిన్నగా కోటకెళ్ళింది. అక్కడ రాజుగారు విస్తరి ముందు కూర్చుని, చేపలపులుసేదని వంటవాళ్ళ మీద చిందులు తొక్కుతున్నాడు. నూకాలు ఆ విస్తట్లోనే గంప బోర్లించింది.

"తినండి మారాజా, మీ చేపలు తినాల్సిన కూడు ఇదే!" అని, రొయ్య అన్నవన్నీ అప్పజెప్పింది. ఊరుకుందా? బండ మీద పావుకోళ్ళేసుకుని మా చంటిపిల్లలు కూడా నడవరని అనేసింది.

రాజు తల దించుకున్నాడు. గీకుడు ఆపించాడు. వారం తిరక్కుండా రొయ్య గుడ్లు పిల్లలయ్యాయి. వానలు పడేసరికి నాచు బండలన్నీ కమ్మింది, చేపలొచ్చాయి, పొయ్యిలు వెలిగాయి.

జారిపడ్డవాడు తన కాలు చూసుకోవాలర్రా, ఇంకొకరి ఇల్లు పీకించకూడదు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.