ప్రియమైన వంకాయ

గోరంకవరం సంస్థానంలో ఒక మంగళవారం పొద్దున్నుంచి వంకాయ పేరు మారిపోయింది. ఇకమీదట బ్రింజాల్ అనాలని దండోరా వేశారు.

కారణం పెద్దదేం కాదు. రాజావారు జగ్గభూపతి అంతకు ముందు నెల కలెక్టరు దొర బంగళాకి టీకి వెళ్లారు. "మీ ఊళ్లో సంత ఎలా ఉంది?" అని దొరసాని ఇంగ్లీషులో అడిగింది. రాజావారికి ప్రశ్న అర్థమైంది గాని, జవాబుకి మాటలు దొరకలేదు. బిస్కట్టు నములుతూ కూర్చుండిపోయారు. ఆ బిస్కట్టు ఆయనకి ఇప్పటికీ అరగలేదు.

అందుకని తిరువెంగళరావు అనే దుబాసీని పెట్టుకున్నారు. జరీ తలపాగా మనిషి. తెలుగు మాట ఆడాల్సి వస్తే పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టేవాడు. సంతకి పనికొచ్చే ఇంగ్లీషు మాటలు ఓ ఇరవై కాగితం మీద రాసి ఊరంతా పంచాడు. రాజావారు ఇంకో అడుగు ముందుకేశారు. కొలువులో సంత సంగతి ఎవరు చెప్పినా ఇంగ్లీషులోనే చెప్పాలి, తెలుగులో చెబితే ఉద్యోగం ఊడుతుంది అన్నారు. ఆ ఇంగ్లీషుని మళ్లీ రాజావారికి తెలుగు చేసి వినిపించే పని దుబాసీది.

సంతలో జనం పాట్లు చూడాలి. ఉల్లిపాయలమ్మే సూరమ్మకి ఆనియన్ అనడానికి నోరు తిరగలేదు. "వీశెడు అన్నయ్యల్ని తీసుకుపో బాబూ" అనేది. నవ్వొచ్చే మాటే, కాని సంతలో నవ్వే ఓపిక ఎవరికుంది? సంత సుంకం వసూలు చేసే కౌలు దుబాసీ బావమరిదిది. అతను వారం వారం సుంకం పెంచుతుంటే, అమ్మేవాళ్లు ధర పెంచుతున్నారు. కూలీనాలీ జనం పప్పు మానేసి చారుతోనూ, చారు మానేసి ఉప్పుతోనూ సరిపెట్టుకుంటున్నారు.

కోట ఉగ్రాణానికి సరుకులు కొనుక్కొచ్చే బంగారయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. అతని ఇంట్లోనే పప్పు ఉడికి పదిహేను రోజులైంది. ఒక శనివారం కడుపు మండి కొలువులో నిలబడ్డాడు. ధర పెరిగిందనడానికి దుబాసీ కాగితంలో ఉన్న మాట ఒక్కటే. అదే పట్టుకున్నాడు.

"రైస్ డియర్. దాల్ డియర్. బ్రింజాల్ డియర్, మహారాజా."

"డియర్ అంటే?" రాజావారు దుబాసీ వైపు తిరిగారు.

"ప్రియం, మహాప్రభూ" అన్నాడు దుబాసీ మీసం సవరించుకుంటూ. "బియ్యం ప్రియం, పప్పు ప్రియం, వంకాయ ప్రియం. దొరసాని తమరికి రాసిన ఉత్తరంలో కూడా పైన డియర్ రాజా అనే ఉంది, చూడండి."

"అయితే మన సంతంటే జనానికి అంత ప్రేమా?"

"ప్రాణం, మహాప్రభూ. వంకాయని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు."

ఆ ముక్క మాత్రం నిజమే.

రాజావారి మొహం విప్పారింది. "ఇంత ప్రేమగా కొనుక్కునేవాళ్లు సుంకం రెట్టింపు చేసినా బాధపడరులే. వచ్చే నెల మొదటి సంత నుంచి చేసేయండి" అన్నారు.

బంగారయ్య నోటిదాకా ఒక మాట వచ్చింది. అది తెలుగు మాటే కదా, ఆడ్డానికి లేదు. ఒక్క మాటకి కూడా తప్పు అర్థం చెప్పకుండా ఊరిని ముంచేశాడు ఈ దుబాసీ మహానుభావుడు, అనుకుంటూ ఇంటికి పోయాడు.

మళ్లీ శుక్రవారం కలెక్టరు దొర బట్లరు కోళ్లు కొనడానికి సంతకొచ్చాడు. కోడిని కాళ్లు పట్టుకుని ఎత్తి చూసి, "టూ డియర్, నాట్ చీప్" అని సణుక్కున్నాడు.

"చీప్ అంటే ఏంటి నాయనా?" అని బంగారయ్య అడిగాడు.

"చవక."

ఆ మాట దుబాసీ కాగితంలో లేదు. బంగారయ్య దాన్ని ఇంటిదాకా వల్లె వేసుకుంటూ పోయాడు.

మర్నాడు కొలువులో రాజావారు ఉత్సాహంగా అడిగారు. "సంత ఎలా ఉంది బంగారయ్యా?"

"రైస్ డియర్, మహారాజా. దాల్ డియర్. బ్రింజాల్ డియర్."

దుబాసీ చిరునవ్వుతో తలాడించాడు. బంగారయ్య చేతులు కట్టుకుని ఇంకో మాట కలిపాడు.

"దుబాసీగారు చీప్."

జరీ తలపాగా ఊగిపోయింది. "ఎవర్ని పట్టుకుని ఏమంటున్నావురా?" దుబాసీ నోట అచ్చ తెలుగు ఊడిపడింది. "మహాప్రభూ, వీడు నన్ను చవక అంటున్నాడు. నన్ను, చవక సరుకంటున్నాడు."

"మహారాజా, ఇది సంత సంగతి కాదు, దుబాసీగారి సంగతి. తెలుగులో మాట్లాడొచ్చా?" అన్నాడు బంగారయ్య.

రాజావారు ఆలోచించి సరేనన్నారు.

"నాదే తప్పు. దిద్దుకుంటాను. ఆయన చవక కాదు అనాలంటే ఇంగ్లీషులో ఏమనాలో ఆయన్నే చెప్పమనండి."

"డియర్ అనాలి" అని కసిరాడు దుబాసీ. "చీప్ కానిది డియర్..."

అని, అక్కడ ఆగిపోయాడు.

రాజావారు వేళ్లు మడుస్తూ మెల్లగా అన్నారు. "చవక కానిది డియర్. రైస్ డియర్. దాల్ డియర్." ఆయన మొహం మారింది. "బంగారయ్యా, ఆ ప్రియం ధర మండే ఈ ప్రియమా?"

"ఈ ప్రియమే, మహారాజా. జనం వంకాయని చూసి ఏడుస్తున్నది ప్రేమతో కాదు, కొనలేక. మా ఇంట్లో పప్పు ఉడికి మూడు వారాలు దాటింది."

ఆ వెంటనే రాజావారి ఉత్తర్వులు చకచకా వచ్చాయి. సుంకం పాత పద్ధతికి దిగాలి. బావమరిది కౌలు రద్దు. దుబాసీ శుక్రవారం శుక్రవారం బుట్ట పట్టుకుని సంతకెళ్లి, సూరమ్మ దగ్గర తెలుగులో బేరమాడి కోటకి ఉల్లిపాయలు తేవాలి.

అప్పటికి గాని రాజావారికి నవ్వు రాలేదు. నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "మై డియర్ బంగారయ్యా" అన్నారు.

బంగారయ్య చెవులు మూసుకున్నాడు.

"అంత మాట అనకండి మహారాజా. నా జీతం ఇంకా చీపే."

కొలువు ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజావారే. "రెట్టింపు చేయాల్సింది సుంకం కాదు, ఇతని జీతం. రాసుకోండి" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

ఆ పూట బంగారయ్య ఇంట్లో పప్పు ఉడికింది, వంకాయ వేసి.