కొండ కొసన కోసిన గడ్డి

"మౌలాలీ, ఇట్లా రా."

నూరుల్లా బాబా పిలుపు వినగానే మౌలాలి చేతిలోని సూదీ దారం పక్కన పెట్టి వెళ్లాడు.

బాబా కొండ కింద గుడిసెలో ఒక్కడే ఉండే ఫకీరు. ఎవరూ పేరు పెట్టి పిలవని అడవి గడ్డిని వేరుతో సహా తెచ్చి, కాగితాల నడుమ ఆరబెట్టి, అట్ట మీద దారంతో కుట్టేవాడు. అది ఎక్కడ మొలిచిందో, దాని పక్కన ఏమేం మొలిచాయో కింద రాసేవాడు. మౌలాలి ఆయన దగ్గర ఆ పని నేర్చుకుంటున్నాడు.

ఇప్పుడు బాబా చేతిలో ఉన్నది మౌలాలి తెచ్చిన గడ్డి. ఎండినా దాని వెన్ను మీద ఊదారంగు పోలేదు, సాయంత్రపు మబ్బు అంచులాగా. కింద 'కొండ కొసన' అని రాసుంది. మౌలాలి అసలు ఆ కొండే ఎక్కలేదు.

"దీని పక్కన ఏముందో రాయలేదే?" అని అడిగాడు బాబా.

"ఏమీ లేదు బాబా. ఇది ఒక్కటే ఉంది."

బాబా చాలాసేపు గడ్డిని చూశాడు. "అంత ఒంటరిగా ఎట్లా బతికిందిరా ఇది," అంటూ లేచి చేతికర్ర తీసుకున్నాడు. చూసొద్దాం పదమన్నాడు.

మౌలాలి ఎండగా ఉందన్నాడు, దారి మంచిది కాదన్నాడు, మోకాళ్ల సంగతి గుర్తుచేశాడు. నా మోకాళ్లు నాకంటే ముందే ముసలివయ్యాయి, వాటి మాట వింటే మంచం కూడా దిగలేనని బాబా నవ్వాడు.

ఎక్కడం మొదలుపెట్టారు. కొండంతా గాలి తప్ప ఇంకో అలికిడి లేదు. బాబా రాయి రాయికీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. గడ్డి కనిపించిన చోటల్లా వంగి చూసి, ఇది కాదు, ఇంకా పైన కదూ అంటున్నాడు. మౌలాలి తలూపుతున్నాడు. బాబా ఒక్కసారైనా అనుమానంగా చూడలేదు. చూసుంటే బాగుండేదనిపించింది మౌలాలికి.

సగం దూరంలో బాబా కాలు జారింది. మౌలాలి చప్పున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. బాబా కాసేపు కూర్చుని, మళ్లీ కర్ర ఆనించి లేవబోయాడు.

"పద బేటా. ఇంత దూరం వచ్చాం, పలకరించి పోదాం."

మౌలాలి ఆ చెయ్యి వదల్లేదు. కదల్లేదు కూడా.

"పైన అది లేదు బాబా," అన్నాడు. "జమీలా వాళ్లింటి గడప ముందు పీకాను. నా మనసులో మాట ఆమెకి చెప్పేలోపే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ గడప తొక్కేవాళ్లు లేక గడ్డి మొలుస్తోంది. పొద్దు వాలితే నేనొక్కణ్ణే పోయి అక్కడ కూర్చుంటున్నాను."