సైకిల్ ట్యూబు, తేనెకుండ

అడవి అంచున పాత సైకిల్ ట్యూబులు పారేసే చోట పోలన్న అనే ఎలుగుబంటి ఉండేది. పోలన్న తేనెకుండ ఇప్పచెట్టు కొమ్మకు ట్యూబు ముక్కతో వేలాడుతుండేది. ఆకలేస్తే కిందికి లాగి తాగేవాడు. వదిలితే కుండ పైకి పోయేది.

మూడు రోజులుగా తిండి లేని జోగులు అనే నక్క ఒక వేసవి ఉదయం అక్కడికొచ్చింది. వెనక కాళ్ల మీద నిలబడితే కుండ అడుగు ముక్కుకు తగిలింది!

"పోలన్న మామా! పందెం కాద్దాం. నేను ఎగరను, కుండను లాగను. నేల మీద నిలబడే నా మూతి తేనెకు అందితే కుండ నాది."

"అందకపోతే?"

"నువ్వేం చెప్తే అది చేస్తా."

"వానలు పడేదాకా నా ఒంటిమీద పేలు ఏరాలి."

"సరే. కానీ మిట్టమధ్యాహ్నం దాకా గడువియ్యి."

పోలన్న జాలిగా చూశాడు. "పందెం ఎందుకల్లుడూ? డొక్కలు ఎండిపోయున్నాయి. ఇప్పుడే దోసెడు పోస్తా, తాగిపో."

జోగులు లోపల నవ్వుకున్నాడు. ఎండకు రైలు పట్టాలు సాగడం అతను కళ్లారా చూశాడు. ఇనుమే సాగితే ఈ ట్యూబెంత? మధ్యాహ్నానికి కుండ తానే మూతి ముందుకు దిగొస్తుంది. మొత్తం వస్తుంటే దోసెడెవడిక్కావాలి?

"వద్దు మామా, పందెమే!"

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. జోగులు మూతి చాపాడు. కుండ నాలుగు వేళ్లు పైకుంది.

"నువ్వే పైకి లాగావు!"

"నేను పడుకునే ఉన్నా గదరా."

"అయితే ఎండ చాల్లేదు!"

ఎక్కడినుంచో తళతళలాడే రేకు ఈడ్చుకొచ్చి ఎండను ట్యూబు మీదికి కొట్టించాడు. కుండ ఇంకో రెండు వేళ్లు లేచింది. జోగులు మొక్కాడు, తిట్టాడు, చివరికి "దిగవే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా" అని బతిమాలాడు. కుండకు కాళ్లెక్కడివని కాకులు గోల చేశాయి.

"మామా, ఇదేం మాయ?"

"మాయ కాదురా. రబ్బరు లోపలంతా సన్నటి పోగులు. విడిపోకుండా అక్కడక్కడా ముడులుంటాయి. కుండ బరువుకి పోగులు సాగి నిలబడతాయి. వేడెక్కితే కుదురుగా ఉండవు, గిలగిలలాడి ముడుచుకుంటాయి. కుండ పైకొస్తుంది. రెండు వేసవుల నుంచి చూస్తున్నా."

"ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదు. పైగా అన్నీ తెలిసినవాడిలా నిలబడ్డావు."

ఆ సాయంత్రమే జోగులు ఎలుగు వీపెక్కి పేలు ఏరడం మొదలెట్టాడు.

"అక్కడ కాదు, చెవి వెనకాల," అన్నాడు పోలన్న, కళ్లు మూసుకుని.

ఒక్క వస్తువును చూసి అన్నిటి గుణం తెలిసిందనుకునేవాడు, చేతికొచ్చినదాన్నీ పోగొట్టుకుంటాడు.